ఓర్పు వేరు, సరిపెట్టుకోవడం వేరు

(రేడియో ప్రసంగ పాఠం)

వాక్యభాగం: యాకోబు పత్రిక 5వ అధ్యాయము, 1 నుండి 11 వచనములు

ఈ దినము మనం ఒక్క మాటను గూర్చి ధ్యానించుదాం. అది పెద్ద వేదాంత పదమేమీ కాదు. మన ఇళ్లలో, చేలల్లో, సంతలో, ఆఫీసు వరండాలలో రోజూ వినబడే మాటే. అదే "సరిపెట్టుకోవడం".

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వంతెన ఎక్కి భద్రాచలం చేరి, అక్కడి నుండి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగితే అడవి అంచున చిన్న చిన్న పల్లెలు, వాటిలో చిన్న చిన్న సంఘాలు ఉన్నాయి. కోయవారు, కొండరెడ్లు, కూలికి వచ్చి స్థిరపడినవారు, దళిత సహోదరులు ఈ సంఘాలలో ఉన్నారు. ఆరాధన ముగిశాక ప్రార్థన విన్నపములు చెప్పమంటే ఒకరు పోడు భూమి సంగతి చెబుతారు, ఒకరు అప్పు సంగతి చెబుతారు, ఒకరు ఇంట్లో పడుతున్న దెబ్బల సంగతి చెప్పీ చెప్పకుండా చెబుతారు. చివరికి చాలామంది ఒకే మాట అంటారు: "ఏం చేస్తామండీ, సరిపెట్టుకుంటున్నాం." వెంటనే ఇంకో మాట కలుపుతారు: "దేవుడే ఓర్పు ఇస్తున్నాడు."

ఈ రెండు మాటలు ఒకటేనా? సరిపెట్టుకోవడమే ఓర్పా? ఇదీ ఈనాటి ప్రశ్న. ఈ రెండింటినీ ఒకటి చేసుకున్నందువల్ల మనవాళ్లు భూములు పోగొట్టుకున్నారు, ఆరోగ్యం పోగొట్టుకున్నారు, ఒక్కొక్కసారి ప్రాణాలే పోగొట్టుకున్నారు. కాబట్టి జాగ్రత్తగా పరిశీలించుదాం.

మన తెలుగు మాటల్లోనే తేడా ఉంది

మొదట మన భాషనే చూద్దాం. "సరి" అంటే సమానం. "సరిపెట్టుకోవడం" అంటే తక్కువైన దానిని మన వైపు నుండి ఎలాగో సమానం చేసుకోవడం. నలుగురికి వండిన కూర ఆరుగురికి పెట్టవలసి వస్తే తల్లి ఏం చేస్తుంది? అందరికీ కొంచెం కొంచెం వడ్డించి, తాను పచ్చడితో సరిపెట్టుకుంటుంది. క్రిస్మసుకు కొత్త చీర కొనలేకపోతే ఉన్న చీర ఉతికి కట్టుకొని సరిపెట్టుకుంటుంది. ఇది మంచి మాట, ప్రేమగల మాట. వస్తువు తక్కువైనప్పుడు సరిపెట్టుకోవడం కుటుంబాన్ని నిలబెడుతుంది.

అయితే తూకంలో మోసం జరిగినప్పుడు కూడా అదే మాట వాడతాం. తునికాకు కట్టకు యాభై ఆకులు. ఆకు లెక్క సరిగా ఉన్నా కల్లంలో ఇంకొన్ని కట్టలు కొసరు వేయమంటే వేసి సరిపెట్టుకుంటాం. సంతలో ఇప్పపువ్వు తూకం తగ్గినా సరిపెట్టుకుంటాం. ఇక్కడ తక్కువైనది కూర కాదు, న్యాయం. ఆ తక్కువను కూడా మన కడుపులో నుండే తీసి నింపుతున్నాం. కూరకు పనికివచ్చిన మాట తూకానికి పనికిరాదు. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటి వచనమే చెబుతుంది. దేవునికి అసహ్యమైన దానితో మనం సరిపెట్టుకుంటే అది భక్తి ఎలా అవుతుంది?

ఇప్పుడు "ఓపిక" అనే మాట చూడండి. "ఓపు" అంటే చేయగలగడం, భరించగలగడం. జ్వరం వచ్చి లేచినవాడు "నడిచే ఓపిక లేదండీ" అంటాడు. అంటే బలం లేదని అర్థం. మన పెద్దలు ఓపికను బలంగా ఎంచారు గాని బలహీనతగా ఎంచలేదు. "ఓర్పు" కూడా అంతే. ఓర్చినవాడు మోయగలిగినవాడు.

ఇంకో మాట "ఊరుకోవడం". ఏడ్చే బిడ్డను ఎత్తుకొని "ఊరుకో నాన్నా" అని తల్లి అంటే అందులో ఆదరణ ఉంది. బిడ్డకు పాలు ఇచ్చి ఊరుకోమంటుంది. కాని కూలి ఎగ్గొట్టినవాడు "ఊరుకో" అంటే అందులో బెదిరింపు ఉంది. మాట ఒకటే. ఎవరు ఎవరితో అంటున్నారో దానిని బట్టి అర్థం మారిపోతుంది. ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి, తరువాత మళ్లీ దీని దగ్గరకు వద్దాం.

వాక్యము చెప్పే ఓర్పు

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడింది. అందులో "హుపొమొనే" అని ఒక మాట ఉంది. "హుపొ" అంటే క్రింద, "మెనో" అంటే నిలిచియుండుట. బరువు మీద పడినా దాని క్రింద కూలిపోకుండా నిలిచి ఉండడం అని అర్థం. మన తెలుగు బైబిలులో ఈ ఒక్క మాటనే సందర్భాన్ని బట్టి మూడు విధాలుగా అనువదించారు. రోమా పత్రిక 5వ అధ్యాయములో "ఓర్పు" అన్నారు. యాకోబు 5వ అధ్యాయములో యోబును గూర్చి చెప్పేటప్పుడు "సహనము" అన్నారు. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో పందెమును గూర్చి చెప్పేటప్పుడు "ఓపిక" అన్నారు.

ఆ చివరిదాన్ని గమనించండి. హెబ్రీ పత్రికలో ఓపికతో చేయవలసిన పని ఏమిటి? పరుగెత్తడం! కూర్చోవడం కాదు. లూకా సువార్త 8వ అధ్యాయములో విత్తువాని ఉపమానం చివర ఓపికతో జరిగే పని ఏమిటి? ఫలించడం. రోమా పత్రికలో ఓర్పు చివరకు ఎక్కడికి తీసుకువెళ్తుంది? నిరీక్షణకు. ఓర్పుకు ముందు ఒక గమ్యం ఉంది. సరిపెట్టుకోవడానికి గమ్యం లేదు. "ఇక ఇంతే" అన్నచోట అది ఆగిపోతుంది.

ఈనాటి వాక్యభాగానికి వద్దాం. యాకోబు భక్తుడు 7వ వచనములో ఓపిక కలిగి ఉండమని, వ్యవసాయదారుణ్ణి చూచి నేర్చుకోమని చెప్పాడు. రైతు తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం కనిపెడతాడు. మన అడవి అంచు రైతుకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. అయితే రైతు ఊరికే కనిపెడతాడా? పొదలు కొడతాడు, దున్నుతాడు, విత్తుతాడు, కలుపు తీస్తాడు, రాత్రి మంచె మీద పండుకొని అడవిపందులను తోలుతాడు. తన చేతిలో ఉన్న పని అంతా చేసి, తన చేతిలో లేని వాన కోసం దేవుని వైపు చూస్తాడు. అదీ ఓపిక.

ఇంకో సంగతి. 7వ వచనమును చాలామంది బోధిస్తారు, 4వ వచనము దగ్గర ఆగరు. అక్కడ ఏముంది? చేను కోసిన కూలీలకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొఱ్ఱపెడుతోందని, ఆ కోతవారి కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో పడ్డాయని యాకోబు చెప్పాడు. మిరప కోతలకు ఖమ్మం చేలకు వెళ్లివచ్చే మన తల్లులారా, ఈ మాట మీ కోసమే. ఓపికను గూర్చిన బోధకు మూడు వచనాల ముందే కూలి కోసం పెట్టిన కేక ఉంది. ఆ కేకను దేవుడు గద్దించలేదు, విన్నాడు. నోరు మూసుకోమని చెప్పి యాకోబు ఓపికను బోధించలేదు.

యోబు నోరు మూసుకున్నాడా?

"యోబులాగా ఉండాలి" అని మనం ఎన్నోసార్లు అంటాం. యోబు అంటే మనకు మొదటి అధ్యాయమే జ్ఞాపకం. పిల్లలు, ఆస్తి పోయినా యెహోవా నామమును స్తుతించాడు. అది సత్యమే, మహా విశ్వాసమే. కాని యోబు గ్రంథములో 42 అధ్యాయములున్నాయి. మూడవ అధ్యాయము మొదలుకొని యోబు ఏడ్చాడు, అడిగాడు, వాదించాడు, తన వ్యాజ్యెము వినమని దేవుణ్ణే పిలిచాడు. స్నేహితులు వచ్చి "నీ పాపమే కారణం, ఒప్పుకొని సరిపెట్టుకో" అన్న అర్థంలో మాట్లాడారు. చివరకు 42వ అధ్యాయములో దేవుడు ఎవరి మీద కోపించాడు? ఆ స్నేహితుల మీద. వారు తనను గూర్చి యుక్తముగా పలుకలేదనీ తన సేవకుడైన యోబు పలికాడనీ ఆయన తీర్పు చెప్పాడు. యాకోబు చెప్పిన యోబు సహనం ఇదే. అది దేవుణ్ణి విడువలేదు, నోటినీ మూయలేదు.

ఈ నేల ఏం చెబుతోంది?

అడవిలో ఉండేవారు మొదటినుండీ అన్నిటికీ తలవంచి ఉన్నవారే అని కొందరనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు ఒకప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేవి. 1874లో వాటిని మద్రాసు ప్రభుత్వం క్రింద గోదావరి జిల్లాలో కలిపారు. తరువాత పోడు మీద పన్ను పెరిగింది, కొన్నిచోట్ల పోడు కొట్టరాదన్నారు. 1879లో రంపలో తిరుగుబాటు లేచినప్పుడు అది రేకపల్లి వరకు పాకింది. మళ్లీ 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం కదిలింది. చాలాకాలం లోలోపల దాచుకున్న బాధ ఒక రోజున మంటై లేచింది. తరువాతి కాలంలోనూ ఈ అడవి తుపాకుల చప్పుడు ఎంతో విన్నది. ఆ మంటల్లో కాలిపోయినవారిలో ఏ పాపమూ ఎరుగనివారు ఎందరో.

కాబట్టి మన ముందు రెండు తప్పు త్రోవలున్నాయి. ఒకటి, అన్నీ లోపల పెట్టుకొని సరిపెట్టుకోవడం. రెండవది, పగతో చెయ్యెత్తడం. చాలాసార్లు మొదటిదే రెండవదాన్ని కంటుంది. పగతీర్చుట ప్రభువు పని అని రోమా పత్రిక 12వ అధ్యాయము బోధిస్తుంది. అయితే పగ తీర్చుకోవద్దంటే న్యాయం అడగవద్దని అర్థం కాదు. ఓర్పు మూడవ త్రోవ. అది కత్తి పట్టదు, కాని నోరు విప్పుతుంది. వెళ్లిన గుమ్మానికి మళ్లీ వెళ్తుంది.

మన ప్రాంతంలో సువార్త చరిత్ర కూడా పాతదే. 1860వ దశాబ్దంలో గోదావరి మీద ఆనకట్ట పనుల కోసం దుమ్ముగూడెం వచ్చిన హేగ్ అనే ఇంజనీరు కోయవారిని చూచి, వారికి సువార్త అందాలని ఆశించాడు. తరువాత చర్చి మిషనరీ సొసైటీ తరఫున జాన్ కెయిన్ అక్కడ ఎన్నో ఏండ్లు పనిచేసి, కోయవారి భాషను, ఆచారాలను గూర్చి వ్రాసి ఉంచాడు. ఇంట్లో కోయ మాట్లాడుకునే విశ్వాసులకు వాక్యం ఎక్కువగా తెలుగులోనే అందింది. ఆ తెలుగే సంతలో షావుకారి భాష, కచేరీలో గుమాస్తా భాష. ఈ సంగతిని బోధకులు ఆలోచించాలి. "ఓపిక పట్టు" అనే మాట వాళ్లు వారమంతా షావుకారి నోట వింటారు. ఆదివారం అదే మాటను మనం పుల్పిటు మీద నుండి వివరణ లేకుండా చెబితే, దేవుడు కూడా షావుకారి పక్షమేనని వారికి వినబడుతుంది.

ఐదుగురు అక్కాచెల్లెళ్ల ఓర్పు

భూమి విషయంలో ఓర్పు ఎలా ఉంటుందో పరిశుద్ధ గ్రంథములో చక్కని ఉదాహరణ ఉంది. సంఖ్యాకాండము 27వ అధ్యాయము చూడండి. సెలోపెహాదు అనే మనిషి అరణ్యములో చనిపోయాడు. కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురు కుమార్తెలు. ఆనాటి పద్ధతి ప్రకారం వారికి స్వాస్థ్యం రాదు. "ఆడపిల్లలం, మన రాత ఇంతే" అని వారు సరిపెట్టుకోవచ్చు. వారేం చేశారు? ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద మోషే యెదుట, యాజకుని యెదుట, ప్రధానుల యెదుట, సర్వసమాజము యెదుట నిలిచి, మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలి, మాకు భాగమివ్వండి అని అడిగారు. మోషే ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. ఆ కుమార్తెలు చెప్పింది న్యాయమేనని దేవుడే తీర్పు ఇచ్చాడు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆజ్ఞ వచ్చింది గాని భూమి చేతికి రాలేదు. మోషే చనిపోయాడు. యెహోషువ 17వ అధ్యాయములో ఆ అక్కాచెల్లెళ్లు మళ్లీ కనబడతారు. యాజకుడైన ఎలియాజరు దగ్గరకు, యెహోషువ దగ్గరకు వెళ్లి, దేవుడు మోషేకు ఇచ్చిన ఆజ్ఞను జ్ఞాపకం చేశారు. అప్పుడు భూమి వచ్చింది. పాత అధికారి పోయి కొత్త అధికారి వస్తే మళ్లీ కాగితం పట్టుకొని మొదటినుండి చెప్పుకోవడం మనకూ తెలిసిన కష్టమే కదా! దానిని విసుకకుండా చేయడమే ఓర్పు.

మన ప్రాంతంలో కూడా ఆజ్ఞలు ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ ప్రాంతాల కోసం ఒక చట్టం చేసింది. కొండజాతులవారి మీద సంవత్సరానికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ రాకూడదని, చక్రవడ్డీ చెల్లదని, అధికారి అనుమతి లేకుండా వారి భూమి బయటివారికి పోకూడదని అందులో ఉంది. తరువాత 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1963లో అది తెలంగాణ ప్రాంతానికి కూడా వర్తించింది. 1970లో దానిని ఇంకా గట్టిపరిచారు. అదే మన పల్లెల్లో అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అని చెప్పుకునేది. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి అమ్మకంగా గాని, కౌలుగా గాని, తాకట్టుగా గాని పోవడం చెల్లదు. అప్పు క్రింద వేలిముద్ర వేశాను గనుక ఇక ఏమీ చేయలేను అని కుమిలిపోయే సహోదరుడు ఈ సంగతి తెలుసుకోవాలి. చెల్లని కాగితం మీద వేసిన వేలిముద్రతో భూమి పోదు.

పోడు సంగతికి వస్తే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి 2007 డిసెంబరు 31 నుండి అమలైంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అడవి భూమికి, నాలుగు హెక్టార్ల వరకు, గిరిజన కుటుంబం హక్కు కోరవచ్చు. దరఖాస్తు మొదట వెళ్లేది గ్రామసభకే. తరువాత డివిజను స్థాయి కమిటీ, జిల్లా స్థాయి కమిటీ పరిశీలిస్తాయి. గ్రామసభలో గాని డివిజను కమిటీలో గాని నిరాకరిస్తే పై కమిటీకి 60 రోజులలోగా చెప్పుకోవచ్చు. నిరాకరించిన కారణం వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంకో మంచి సంగతి: పెళ్లయిన వారికి హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. సెలోపెహాదు కుమార్తెలు ఈ మాట వింటే ఎంత సంతోషించేవారో!

కొందరు మనవారిని భయపెడతారు: "మీరు యేసును నమ్ముకున్నారు, ఇక గిరిజన హక్కు ఉండదు" అని. షెడ్యూల్డు తెగల జాబితాకు మతం షరతు లేదు. షెడ్యూల్డు కులాలకు సంబంధించిన 1950 నాటి ఉత్తర్వులో అట్టి షరతు ఉంది, తెగల ఉత్తర్వులో లేదు. ఎవరో చెప్పిన మాట నమ్మి, ఆఫీసు గుమ్మం కూడా ఎక్కకుండానే సరిపెట్టుకున్న కుటుంబాలు తమ కాగితాలు మళ్లీ తీసి చూసుకోవాలి.

అడిగినవారందరికీ వస్తుందా? ఈ మాట దాచకూడదు. 1 రాజులు 21వ అధ్యాయములో నాబోతు తన పితరుల స్వాస్థ్యమును ఇవ్వనన్నాడు. అహాబు అంతకంటె మంచి తోట ఇస్తానన్నా, వెల ఇస్తానన్నా ఒప్పుకోలేదు. అబద్ధ సాక్షులను నిలబెట్టి అతనిని చంపారు. నాబోతు ఓడిపోయినట్టే కనబడుతుంది. కాని దేవుడు ఏలీయాను ఎక్కడికి పంపాడు? సరిగ్గా ఆ ద్రాక్షతోటకే. మనిషి నోరు మూయించినా దేవుని నోరు మూయించలేరు. ఓర్పుకు ఆధారం గెలుపు కాదు, దేవుడు చూస్తున్నాడన్న నమ్మకం.

మరి అంగీకరించవలసినవి లేవా?

ఉన్నాయి. గోదావరి గట్టున ఉండేవారికి ఇది బాగా తెలుసు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు వచ్చింది. నది మీద కేసు వేయలేం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తే బిడ్డలను, ముసలివారిని, పశువులను తీసుకొని మెరక చేరాలి. మరణం, ముసలితనం, కరువు ఇలాంటివే. వీటి ముందు తలవంచి దేవుని చేతికి అప్పగించుకోవడం విశ్వాసమే. కాని వరద బాధితుల కోసం వచ్చిన బియ్యం మధ్యలో ఎవరో తినివేస్తే అది నది చేసిన పని కాదు. వరదను ఓర్చుకో, దొంగతనాన్ని అడుగు. రెండింటినీ ఒకే మూటలో కట్టి "దేవుని చిత్తం" అని పేరు పెట్టవద్దు.

గెత్సేమనేలో మన ప్రభువు తండ్రి చిత్తానికి లోబడ్డాడు. ఎలా లోబడ్డాడు? ముందు అడిగాడు. మూడుసార్లు అడిగాడు. గిన్నె తొలగించమని చెమటోడ్చి ప్రార్థించి, తరువాత తండ్రికి అప్పగించుకున్నాడు. గమనించండి, ఆయన తండ్రికి లోబడ్డాడు గాని అన్యాయం న్యాయమని ఒప్పుకోలేదు. ప్రధానయాజకుని యెదుట ఒక బంట్రౌతు ఆయనను చరచినప్పుడు, నేను చెడుగా మాట్లాడితే చూపించు, లేకపోతే ఎందుకు కొడుతున్నావు అని అడిగినట్టు యోహాను 18వ అధ్యాయములో ఉంది. రెండవ చెంప త్రిప్పమని బోధించిన ప్రభువే ఈ ప్రశ్న అడిగాడు. ఆయన తిరిగి కొట్టలేదు, ప్రశ్న మానలేదు.

"పౌలు ఏ స్థితిలోనైనా సంతృప్తి కలిగి ఉండమన్నాడు కదా" అని మీరడగవచ్చు. అది ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయములో ఉంది. కొద్దియైనా గొప్పయైనా సంతోషించ నేర్చుకున్నానన్నాడు. అది అన్నం, వస్త్రం సంగతి. అదే ఫిలిప్పీ పట్టణంలో ఆయనను విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసి, మరునాడు రహస్యంగా వెళ్లిపొమ్మన్నప్పుడు ఆయన ఏం చేశాడు? అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చదవండి. మేము రోమీయులము, మమ్మును బహిరంగంగా కొట్టినవారు తామే వచ్చి బయటికి తీసుకొనిపోవాలి అన్నాడు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారు. సంతృప్తిని బోధించిన మనిషీ, చట్టం చూపించిన మనిషీ ఒక్కడే.

మూడు ప్రశ్నలు

కాబట్టి "ఓర్చుకో" అనే మాట వినబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఈ మాట ఎవరు చెబుతున్నారు? బాధ పడుతున్న మనిషి "నేను ఓర్చుకుంటాను" అంటే అది సాక్ష్యం. బాధ పెడుతున్న మనిషి "ఓర్చుకో" అంటే అది బెదిరింపు. ప్రక్కన ఉన్నవాడు ఏ సహాయమూ చేయకుండా "ఓర్చుకో" అంటే అది యోబు స్నేహితుల మాట.

రెండవది, దేనిని ఓర్చుకోమంటున్నారు? భర్త తాగివచ్చి కొడుతుంటే "సర్దుకుపో తల్లీ, ప్రార్థన చేసుకో" అని పెద్దలు పంపివేస్తారు. ప్రార్థన తప్పక చేయాలి. దానితోపాటు ఆ తల్లికి ఆ రాత్రి తలదాచుకొను ఇల్లు చూపించాలి, నలుగురు పెద్దలు వెళ్లి ఆ భర్తను గద్దించాలి. గృహహింస నుండి స్త్రీలను కాపాడడానికి 2005లో చట్టం వచ్చింది, 181 నంబరుకు ఫోను చేస్తే సహాయం దొరుకుతుందని ఆమెకు చెప్పాలి. జ్వరం సంగతీ అంతే. అడవి ప్రాంతంలో చలిజ్వరం వస్తే మలేరియా కావచ్చు, ఆలస్యం చేస్తే మెదడుకు ఎక్కవచ్చు. రక్తపరీక్ష చేయించకుండా "ప్రభువు చూసుకుంటాడు" అని మంచాన పడుకోబెట్టడం విశ్వాసం కాదు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో కన్నీళ్లతో ప్రార్థించినప్పుడు దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంత వాగ్దానం ఇచ్చిన తరువాత కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. 2 రాజులు 20వ అధ్యాయములో ఈ సంగతి ఉంది. ప్రార్థనా ఉంది, మందూ ఉంది.

మూడవది, ఈ ఓర్పులో నిరీక్షణ ఉందా? లూకా 18వ అధ్యాయములోని విధవరాలికి ఉన్నది అదే. న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుష్యులను లక్ష్యపెట్టడు. ఆమెకు డబ్బు లేదు, మనుషులు లేరు. అయినా మాటిమాటికీ వచ్చింది. విసుకక ప్రార్థించడానికి ప్రభువు ఎంచుకున్న మాదిరి, గుమ్మం వదలని ఆ విధవరాలే. అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలన్నారు. దేవుణ్ణి అడిగే నోరు మనుష్యులను అడగడానికి సిగ్గుపడనవసరం లేదు.

సంఘ కాపరులారా, పెద్దలారా, మీతో ఒక మాట. సంఘములో చదువు వచ్చిన యౌవనస్థులున్నారు. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట కూర్చుండి చదువురాని తల్లిదండ్రులకు దరఖాస్తు వ్రాసి పెట్టమనండి. భద్రాచలం ఐటిడిఎ ఆఫీసుకు గాని, ఎమ్మార్వో ఆఫీసుకు గాని వెళ్లవలసి వస్తే ఒంటరిగా పంపక ఇద్దరిని తోడు పంపండి. ఇచ్చిన ప్రతి కాగితానికి రసీదు తీసుకోమనండి. ఒకరి భారములనొకరు భరించడం అంటే ఇదే. ఒంటరివాడు త్వరగా సరిపెట్టుకుంటాడు. తోడున్నవాడు ఓర్చుకోగలడు.

ప్రియ శ్రోతలారా, ఉన్న అన్నంతో సరిపెట్టుకోండి, ఉన్న వస్త్రంతో సరిపెట్టుకోండి. అందులో దేవునికి మహిమ ఉంది. అన్యాయం దగ్గర మాత్రం ఓర్పు కలిగి నిలబడండి. పగ పెంచుకోకుండా, అబద్ధమాడకుండా, అలసిపోకుండా నిలబడండి. మీ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని చేరుతుంది.

ప్రార్థన చేసుకుందాం. కృపగల తండ్రీ, మా కష్టములను ఎరిగినవాడవు. మేము వంచవలసిన చోట తల వంచుటకు వినయము, అడగవలసిన చోట అడుగుటకు ధైర్యము, ఈ రెండింటి తేడా ఎరుగుటకు జ్ఞానము మాకు దయచేయుము. భూమి కోసం, కూలి కోసం తిరుగుచున్న నీ బిడ్డలకు తోడై ఉండుము. ఇంట దెబ్బలు తినుచున్న తల్లులకు ఆశ్రయము చూపుము. మా సంఘములను వారికి నీడగా చేయుము. ఓర్చుటకు బలమునిమ్మని యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమెన్.